లైక్ క్వెరీలో యూజర్ కొట్టిన %, _ గుర్తులను సరిగ్గా ఎస్కేప్ చేయడం ఎలా

ఒడిశాలోని బరంపురంలో ఒక బట్టల కొట్టుకి స్టాక్ చూసుకునే సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. కౌంటర్‌లో కూర్చునే అక్క ఒకరోజు ఫోన్ చేసి, "తమ్ముడూ, 50% అని కొడితే సగం ధర చీరలే రావాలి కదా, 1502 నంబరు చీర, 250 రూపాయల తువ్వాళ్లు, అన్నీ వచ్చేస్తున్నాయేంటి?" అని అడిగింది. అప్పుడు నేను దాన్ని చిన్న విషయంగానే తీసుకున్నాను, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. అది చిన్న విషయం కాదని మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి జాత్ర ముందు తెలిసింది. ఆ జాత్ర రెండేళ్లకోసారి వస్తుంది, ఆ రోజుల్లో కొట్లలో ఊపిరి సలపదు. మా కోడ్‌లో ఏడో రాక్, పన్నెండో సరుకు అంటే 7_12. దాని సైజులన్నీ 7_12తో మొదలవుతాయి. ఆ సరుకు అయిపోయింది, దాని నిల్వ సున్నా చేయమని కుర్రాడు బటన్ నొక్కాడు. వెనకాల నడిచిన క్వెరీ, అంటే సరుకు వివరాలు దాచే డేటాబేస్‌కి వెళ్ళిన ఆదేశం, ఇది:

అప్‌డేట్ సరుకు సెట్ నిల్వ = 0 వేర్ కోడ్ లైక్ '7_12%'

పాత పద్ధతిలో 7112, 7512, 7812 అని నాలుగంకెల కోడ్లున్న సరుకు కూడా ఆ కొట్లోనే ఉంది. అవన్నీ సున్నా అయిపోయాయి. చీరలు రాక్‌లో మడతపెట్టి కళ్ళెదుటే ఉన్నాయి, కంప్యూటర్ మాత్రం లేవంటోంది, కౌంటర్‌లో వాళ్లు వచ్చినవాళ్లకి లేవని చెప్పి పంపేశారు. రెండు రాత్రులు అందరం కూర్చుని చేత్తో లెక్కపెట్టాం. ఆ తప్పు నాదే. ఇంకొకరికి ఆ టెన్షన్ రాకూడదని ఇది వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాశాను, మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టండి. గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

లైక్ అంటే ఇచ్చిన నమూనాకి, అంటే ప్యాటర్న్‌కి, సరిపోయేవి వెతకమని చెప్పడం. అందులో రెండు గుర్తులకి ప్రత్యేక అర్థం ఉంటుంది, వీటినే వైల్డ్‌కార్డ్‌లంటారు. % అంటే ఎన్ని అక్షరాలైనా సరే, అసలేమీ లేకపోయినా సరే. _ అంటే ఏదో ఒక్క అక్షరం, తప్పనిసరిగా ఒకటి. కాబట్టి 7_12 అని అడిగితే 7కీ 12కీ మధ్య ఏదైనా ఒకటి ఉన్న ప్రతిదీ వస్తుంది, అండర్‌స్కోర్ ఉన్నదీ వస్తుంది, 1 ఉన్నదీ వస్తుంది, హైఫన్ ఉన్నదీ వస్తుంది. అక్క కొట్టిన 50%కి మన కోడ్ ముందూ వెనకా % తగిలిస్తే '%50%%' అయింది. చివర ఉన్న రెండు శాతం గుర్తులూ ఒకటే పని చేస్తాయి, అంటే ఎక్కడైనా 50 ఉన్న సరుకంతా వచ్చేసింది.

ఇది చెప్పగానే చాలామంది "మేం ప్లేస్‌హోల్డర్ వాడుతున్నాం కదా, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ ఉంది కదా, ఇంకేం భయం" అంటారు. ప్లేస్‌హోల్డర్ అంటే క్వెరీలో ? పెట్టి యూజర్ మాటని విడిగా పంపడం, అలా పంపే క్వెరీనే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా కోడ్‌లో ప్రతి క్వెరీకీ ప్లేస్‌హోల్డర్ ఉంది, అయినా ఇది జరిగింది. ఎందుకంటే యూజర్ ఇచ్చిన మాటని ఇక్కడ ఇద్దరు చదువుతారు. మొదట డేటాబేస్ క్వెరీని చదువుతుంది, ఆ దశలో కోట్ గుర్తు (') వల్ల ప్రమాదం ఉంది, దాన్ని ప్లేస్‌హోల్డర్ పూర్తిగా ఆపుతుంది. తర్వాత లైక్ ఆ మాటనే ప్యాటర్న్‌గా మళ్ళీ చదువుతుంది, ఈ రెండో చదువు సంగతి ప్లేస్‌హోల్డర్‌కి తెలియదు. మన ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇది వింతేమీ కాదు. ఇంట్లో "మా" అంటే మాది అని, గడప దాటి ఒడియా వాళ్లతో "మా" అంటే అమ్మ అని. శబ్దం అదే, వినేవాడు మారితే అర్థం మారిపోయింది. % కూడా అంతే, క్వెరీకి అది మామూలు అక్షరం, లైక్‌కి అది ఆజ్ఞ.

కాబట్టి ప్లేస్‌హోల్డర్ పెట్టడం, ఎస్కేప్ చేయడం, రెండు పనులూ చేయాలి. ఎస్కేప్ అంటే, ప్రత్యేక అర్థమున్న గుర్తు ముందు ఇంకో గుర్తు పెట్టి, దాన్ని మామూలు అక్షరంగానే చదవమని చెప్పడం. ప్లేస్‌హోల్డర్ తీసేసి చేత్తో ఎస్కేప్ చేయమని నేను చెప్పడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. ప్లేస్‌హోల్డర్ ఉండాల్సిందే, దానికి తోడుగా ప్యాటర్న్ ఎస్కేప్ కూడా కావాలి.

పద్ధతి ఇది. ఒక ఎస్కేప్ గుర్తుని ఎంచుకోండి. నేను ఆశ్చర్యార్థకం ! వాడతాను. క్వెరీ ఇలా ఉంటుంది:

సెలెక్ట్ * ఫ్రమ్ సరుకు వేర్ పేరు లైక్ ? ఎస్కేప్ '!'

ఆ ప్రశ్నార్థకంలోకి పంపే మాటని ముందు ఇలా సిద్ధం చేయాలి:

మాట = మాట.రీప్లేస్('!', '!!')
మాట = మాట.రీప్లేస్('%', '!%')
మాట = మాట.రీప్లేస్('_', '!_')
ప్యాటర్న్ = '%' + మాట + '%'

ఈ నాలుగు లైన్ల వరుస చాలా ముఖ్యం, అటూ ఇటూ చేయకండి. ఎస్కేప్ గుర్తునే మొదట రెట్టింపు చేయాలి. తిరగేస్తే ఏమవుతుందో చూడండి: యూజర్ 50% అని కొట్టాడు, మీరు ముందు %ని మార్చారు, 50!% అయింది, తర్వాత !ని రెట్టింపు చేశారు, 50!!% అయింది. ఇప్పుడు లైక్ దీన్ని ఎలా చదువుతుందంటే, 50, ఆ తర్వాత అసలైన ఆశ్చర్యార్థకం, ఆ తర్వాత ఏదైనా సరే. మీరు కాపాడాలనుకున్న % మళ్ళీ బయటపడింది, పైగా కొత్తగా ఒక ! వచ్చి చేరింది, దాంతో వెతికిన 50% చీర కూడా రాదు. ఇక చివరి లైన్‌లో మనం తగిలించే %లు మనవి, వాటిని ఎస్కేప్ చేయకూడదు. ముందే తగిలించేసి మొత్తానికి ఎస్కేప్ చేస్తే మన %లు కూడా మామూలు అక్షరాలైపోతాయి, అప్పుడు సెర్చ్‌లో దాదాపు ఏమీ రాదు.

యూజర్ మాటని ఎస్కేప్ చేయడం, మన గుర్తులు తగిలించడం, ప్లేస్‌హోల్డర్‌లో పంపడం. ఈ మూడూ ఈ వరుసలోనే జరగాలి.

బ్యాక్‌స్లాష్ (\) ఎందుకు వాడలేదని అడగొచ్చు. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్ అనే మూడు డేటాబేస్‌లలోనూ లైక్‌కి ఎస్కేప్ గుర్తు మీరేమీ చెప్పకపోతే బ్యాక్‌స్లాషే. ఎస్‌క్యూలైట్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో మీరు చెప్పకపోతే ఏదీ ఉండదు. అంటే మీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ పెట్టి పరీక్షించి, సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ మీద నడిపిస్తే, ఒకే క్వెరీ రెండు చోట్ల రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. అందుకే ఎస్కేప్ అన్న ముక్కని ఎప్పుడూ క్వెరీలో విడిగా రాయాలని నా గట్టి అభిప్రాయం, డిఫాల్ట్ మీద ఆధారపడొద్దు. రెండో ఇబ్బంది ఏంటంటే, బ్యాక్‌స్లాష్‌ని దారిలో చాలామంది తినేస్తారు. మీ ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగ్ రాసేటప్పుడు ఒకటి పోతుంది. మైఎస్‌క్యూఎల్ క్వెరీలోని స్ట్రింగ్‌లో ఇంకోటి పోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఎస్కేప్ '\' అని రాస్తే ఆ బ్యాక్‌స్లాష్ తన తర్వాత ఉన్న కోట్‌ని మింగేస్తుంది, స్ట్రింగ్ మూసుకోదు, కాబట్టి '\\' అని రాయాలి. పోస్ట్‌గ్రెస్ 9.1 నుంచి మామూలు కోట్లలో బ్యాక్‌స్లాష్‌కి ప్రత్యేకత లేదు, అక్కడ '\' అనే రాయాలి. ఎక్కడ ఒకటి, ఎక్కడ రెండు, ఎక్కడ నాలుగు అని లెక్కపెట్టుకుంటూ కూర్చునే బదులు ! పెట్టుకుంటే ఏ డేటాబేస్‌లోనైనా ఒకేలా ఉంటుంది.

ఎస్కేప్ చేయకుండా వదిలేస్తే బ్యాక్‌స్లాష్ వల్లే ఇంకో తప్పు జరుగుతుంది. యూజర్ పొరపాటున చివర \ కొట్టాడనుకోండి, మన కోడ్ వెనక % తగిలించింది, మైఎస్‌క్యూఎల్‌లోనూ పోస్ట్‌గ్రెస్‌లోనూ అది \% అయి మన % కాస్తా అక్షరంగా మారిపోతుంది, జాబితా ఖాళీగా వస్తుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. మనం % తగిలించకపోతే పోస్ట్‌గ్రెస్ ఏకంగా ఎర్రర్ ఇస్తుంది, ప్యాటర్న్ ఎస్కేప్ గుర్తుతో ముగియకూడదు అని.

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లు ఇంకొక్కటి కలపాలి. అక్కడ చదరపు బ్రాకెట్ కూడా ప్యాటర్న్‌లో భాగమే, [0-9] అంటే ఏదో ఒక అంకె. కాబట్టి [ గుర్తుని కూడా ![ గా మార్చాలి. కానీ ఈ అదనపు మార్పుని ఒరాకిల్‌కి తీసుకెళ్ళకండి, అక్కడ ఎస్కేప్ గుర్తు తర్వాత %, _ లేదా అదే ఎస్కేప్ గుర్తు తప్ప ఇంకేది వచ్చినా ఎర్రర్ వస్తుంది.

ఫ్రేమ్‌వర్క్ (క్వెరీలు రాయడంలాంటి పనులు తనే చేసిపెట్టే రెడీమేడ్ కోడ్) వాడేవాళ్లు తమది ఏం చేస్తుందో ముందు తెలుసుకోవాలి. జాంగోలో కంటెయిన్స్ అని రాస్తే % నీ _ నీ అదే ఎస్కేప్ చేస్తుంది, మీరు మళ్ళీ చేయకూడదు. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో కంటెయిన్స్ దానంతటది చేయదు, ఆటోఎస్కేప్ ట్రూ అని చెప్పాలి. రైల్స్‌లో శానిటైజ్ ఎస్‌క్యూఎల్ లైక్ అనే పద్ధతి విడిగా ఉంది, దాన్ని పిలిచేది మీరే. వర్డ్‌ప్రెస్‌లో 4.0 వెర్షన్ నుంచి ఎస్క్ లైక్ అనేది ఉంది, ముందు అది, తర్వాత % తగిలించడం, ఆఖరికి ప్రిపేర్. లారవెల్‌లో లైక్ అని రాస్తే మీరిచ్చిన ప్యాటర్న్‌ని అలాగే పంపేస్తుంది, ఎస్కేప్ మీ బాధ్యత.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది రెండుసార్లు ఎస్కేప్ అయిపోవడం. నేను మొదటి తప్పు దిద్దుతూ చేసిన రెండో తప్పు ఇదే. పేజీలో ఒకసారి ఎస్కేప్ చేశాను, లోపల క్వెరీ రాసే ఫంక్షన్‌లో ఇంకోసారి చేశాను. 50% కాస్తా 50!!!% అయింది. దాని అర్థం 50!% అనే మాటని వెతకమని. అలాంటి సరుకు లేదు, జాబితా ఖాళీ. అందుకని ఎస్కేప్ చేసేది ఒకే ఒక్క చోట, క్వెరీకి ఆనుకుని ఉన్న చోట పెట్టుకోండి. ఎస్కేప్ చేసిన మాటని డేటాబేస్‌లో దాచకండి, సెర్చ్ బాక్సులో తిరిగి చూపించకండి, సమానం గుర్తుతో పోల్చే క్వెరీలోకి పంపకండి.

కొందరు సులువు దారి చెప్తారు, % _ రెండూ తీసిపారేయమని. నాకు అది అస్సలు నచ్చదు. కొట్లో "100% కాటన్" అని పేరున్న సరుకు ఉంది, కౌంటర్ అక్క దాన్ని అలాగే వెతుకుతుంది, అలా వెతికే హక్కు ఆమెకుంది. గుర్తు తీసేస్తే 7_12 వెతికినవాళ్ళకి 712 చూపిస్తాం, అది ఇంకో సరుకు. యూజర్ ఏం కొట్టాడో అదే వెతకడం మన పని.

అసలు లైక్ అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించండి. మీకు కావాల్సింది ఈ మాట ఆ పేరులో ఎక్కడైనా ఉందా అన్నది మాత్రమే అయితే, దానికి వేరే ఫంక్షన్లున్నాయి. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్, ఒరాకిల్‌లలో ఇన్‌స్ట్రింగ్ అని పలికే ఐఎన్‌ఎస్‌టీఆర్, పోస్ట్‌గ్రెస్‌లో పొజిషన్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చార్‌ఇండెక్స్. ఇవి మాట ఎన్నో స్థానంలో ఉందో చెప్తాయి, సున్నా కంటే ఎక్కువైతే ఉన్నట్టే. వీటికి వైల్డ్‌కార్డ్ అన్నదే తెలియదు కాబట్టి ఎస్కేప్ గొడవే లేదు. ఒక తేడా గుర్తుంచుకోండి: ఎస్‌క్యూలైట్ లైక్ ఇంగ్లీష్ పెద్దక్షరాలు చిన్నక్షరాలు ఒకటే అనుకుంటుంది, ఐఎన్‌ఎస్‌టీఆర్ అలా అనుకోదు. వేగం సంగతా, ముందు % ఉన్న లైక్‌కి మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక) ఎలాగూ పనికిరాదు, కాబట్టి ఇందులో కొత్తగా పోయేదేమీ లేదు. సరుకు లక్షల్లోకి పోతే పోస్ట్‌గ్రెస్‌లో మాటని మూడేసి అక్షరాల ముక్కలుగా చూసే ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవచ్చు, అది వేరే కథ.

లైక్ పెట్టనే కూడని చోట్లు కూడా ఉన్నాయి. కూపన్ కోడ్, పాస్‌వర్డ్ మార్చుకునే టోకెన్, ఖాతా నంబరు, రిపోర్ట్ చూసుకోవడానికి ఇచ్చే ఫోన్ నంబరు. వీటిని సమానం గుర్తుతోనే పోల్చాలి. ఎవరైనా అక్కడ ఒక్క % కొడితే మొదట దొరికిన వాళ్ళ వివరాలు తెరుచుకుంటాయి. నా కొట్లో పోయింది రెండు రాత్రుల నిద్ర. ఒక రక్తపరీక్ష కేంద్రంలోనో, పొదుపు సంఘం పుస్తకంలోనో ఇదే తప్పు ఉంటే ఎవరో ఒకరి ఇంటి విషయం వీధిలో పడుతుంది.

ఖాళీ సెర్చ్ గురించి రెండు మాటలు. ఏమీ కొట్టకుండా బటన్ నొక్కితే ప్యాటర్న్ '%%' అవుతుంది, పేరు నల్ (అసలు విలువే లేనిది) కాని వరుసలన్నీ వచ్చేస్తాయి. ఎస్కేప్ దీన్ని ఆపలేదు. ముందూ వెనకా ఖాళీలు తీసేసి, ఇంకా ఏమీ మిగలకపోతే క్వెరీ పంపకండి, పంపినా లిమిట్ పెట్టండి.

ఇప్పుడు మన వైపు వాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు. మా కొట్లో సరుకు పేర్లు మూడు లిపుల్లో ఉన్నాయి, తెలుగు, ఒడియా, ఇంగ్లీష్. _ అంటే ఒక అక్షరం అన్నాను కదా, డేటాబేస్ లెక్కలో ఒక అక్షరం అంటే ఒక యూనికోడ్ పాయింట్, అంటే కంప్యూటర్లో ఒక్కో లిపి గుర్తుకి ఉండే నంబరు. మనకి "శ్రీ" ఒక్క అక్షరం, దానికి నాలుగు: శ, పొల్లు, ర, ఈత్వం. కాబట్టి మీరే సొంతంగా _ వాడి తెలుగు పేర్లలో "ఒకక్షరం ఏదైనా సరే" అనే సెర్చ్ చేద్దామనుకుంటే అది మీరు అనుకున్నట్టు పనిచేయదు. కనీసం రెండక్షరాలు కొట్టాలి అని నిబంధన పెట్టేవాళ్ళు కూడా చూసుకోండి, "రా" అనేదే రెండుగా లెక్కకొస్తుంది.

ఎస్కేప్ అంతా సరిగ్గా చేశాక కూడా సరుకు దొరకడం లేదంటే ఇంకో కారణం ఉండొచ్చు. తెలుగులో "రాజ్‌కుమార్" అని టైప్ చేసినప్పుడు పొల్లు తర్వాత కంటికి కనపడని నాన్‌జాయినర్ గుర్తు ఒకటి పడుతుంది, కొన్ని కీబోర్డుల్లో పడదు. దాచినప్పుడు ఉండి వెతికినప్పుడు లేకపోతే లైక్‌కి అవి వేరే మాటలు. ఒడియాలో చీరని శాఢీ అంటారు, అందులో ఢ కింద చుక్క ఉంటుంది. ఆ చుక్క అక్షరం ఒకే యూనికోడ్ పాయింట్‌గానూ రావచ్చు, అక్షరం ప్లస్ చుక్క అని రెండుగానూ రావచ్చు. కంటికి తేడా లేదు. బట్టల కొట్లో శాఢీ అనే మాటే దొరకకపోతే ఇక సెర్చ్ ఎందుకు? దాచేటప్పుడూ వెతికేటప్పుడూ రెండు వైపులా యూనికోడ్ నార్మలైజ్ చేసి (రెండు రకాలుగా వచ్చినవాటిని ఒకే రూపంలోకి తెచ్చి), కనపడని ఆ గుర్తులు తీసేసిన ఒక కాలమ్ విడిగా పెట్టుకున్నాను, సెర్చ్ దాని మీదే నడుస్తుంది. ఈ పని ఎస్కేప్ కంటే ముందు జరగాలి, తర్వాత కాదు.

పరీక్ష ఎలా చేయాలంటే, ఒక ఖాళీ టేబుల్‌లో ఈ పేర్లు వేయండి: 50% తగ్గింపు, 500 పంచె, 7_12, 7112, కొత్తది! అనే పేరు, మధ్యలో \ ఉన్న పేరు, మధ్యలో ఒంటి కోట్ ఉన్న పేరు, [ఏ] అని బ్రాకెట్ ఉన్న పేరు. ఇప్పుడు 50% వెతికితే ఒక్కటే రావాలి. 7_12 వెతికితే ఒక్కటే రావాలి. ఒట్టి % వెతికితే శాతం గుర్తు ఉన్నది మాత్రమే, ఒట్టి _ వెతికితే అండర్‌స్కోర్ ఉన్నది మాత్రమే, ఒట్టి ! వెతికితే ఆశ్చర్యార్థకం ఉన్నది మాత్రమే. \ , కోట్, [ కూడా అంతే. ఈ పరీక్షలు మీ సర్వర్‌లో ఏ డేటాబేస్ ఉందో దాని మీదే నడపండి, ల్యాప్‌టాప్‌లో ఉన్న వేరే దాని మీద కాదు.

ఇప్పటికే నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఉంటే, కోడ్ మొత్తంలో లైక్ అన్న మాటని వెతికి, ముందు అప్‌డేట్, డిలీట్ ఉన్నవాటిని చూడండి, తర్వాతే సెలెక్ట్‌ల దగ్గరికి రండి. నాకు అలాంటివి పదకొండు చోట్ల దొరికాయి. నిల్వ సున్నా చేసే ఆ బటన్‌కి అసలు లైకే అక్కర్లేదని అప్పుడు అర్థమైంది. సైజుల కోసం రాక్ నంబరు, సరుకు నంబరు అని రెండు కాలమ్స్ విడదీశాను, రాక్ = 7, సరుకు = 12 అని రాశాను. దానికి ముందు అదే షరతుతో ఒక సెలెక్ట్ నడిచి, ఎన్ని వరుసలు మారబోతున్నాయో కుర్రాడికి చూపించి, సరేనంటేనే మారుస్తుంది. మొన్న జాత్రకి అక్క 50% కొట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆరు చీరలు వచ్చాయి, రాక్‌లో కూడా ఆరే ఉన్నాయి.